ముడి ఫిలిం కొరత, కూర్పు పాఠం: కులెషోవ్ కార్యశాల బోధనా చరిత్ర – ఒక పునఃపరిశీలన

వ్యాస సంగ్రహం: చలనచిత్ర విద్యార్థికి నేడు ప్రథమ పాఠాలుగా బోధిస్తున్న కెమెరా, కూర్పు అభ్యాసాలలో అనేకం 1919 తర్వాత మాస్కోలో ముడి ఫిలిం దొరకని పరిస్థితుల్లో రూపొందాయి. 'కులెషోవ్ ప్రభావం' అన్న పేరుతో పాఠ్యపుస్తకాలలో శాస్త్రీయ నియమంలా స్థిరపడినది కూడా వాటిలో ఒకటే. దానిని మనోవైజ్ఞానిక ప్రయోగంగా కాక తరగతి గది అభ్యాసంగా చదవాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఆ అభ్యాస సంప్రదాయం పుణె సంస్థకు చేరిన మార్గాన్నీ, దానికి సమాంతరంగా మద్రాసు కూర్పు గదులలో నడిచిన శిష్యరికాన్నీ ఈ వ్యాసం స్థూలంగా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: చలనచిత్ర విద్య, కూర్పు, ముడి ఫిలిం, కులెషోవ్, పుదోవ్కిన్, పుణె ఫిలిం సంస్థ, విభావం.

1. ప్రస్తావన

తెలుగు సినిమా పేర్ల పట్టికలో 'ఎడిటింగ్' అన్న మాటకు బదులుగా చాలాకాలం 'కూర్పు' అన్న మాట కనిపించేది. ఇప్పటికీ కొన్ని చిత్రాలలో కనిపిస్తూనే ఉంది. ఆ మాటను ఎవరు మొదట వాడారో గాని, మంచి మాట. ఆంగ్లంలో ఈ పనిని సూచించే వాడుక పదం 'కట్' తెగ్గోయడాన్ని చెబుతుంది. ఫ్రెంచి నుంచి రష్యన్ లోకి వెళ్లిన 'మొంతాజ్' అన్న పదం అమర్చడాన్ని, బిగించడాన్ని చెబుతుంది. యంత్రభాగాలను ఒకచోట చేర్చి బిగించే పనికీ రష్యన్ లో అదే పదం. మన 'కూర్పు' ఈ రెండవ అర్థానికే దగ్గర. పూలను దండగా కూర్చినట్లు, పదాలను పద్యంగా కూర్చినట్లు దృశ్యఖండాలను కూర్చడం. వృత్తి గదుల్లో మాత్రం అందరూ 'కట్' అనే అంటారన్నది వేరే సంగతి.

ఈ పదభేదంతో వ్యాసాన్ని మొదలుపెట్టడానికి కారణం ఉంది. చలనచిత్ర విద్యార్థికి మొదట ఏది నేర్పాలి, కెమెరానా, కూర్పా అన్న ప్రశ్నకు ప్రపంచంలోని తొలి ప్రభుత్వ చలనచిత్ర పాఠశాలలో దొరికిన జవాబు కూర్పు. ఆ జవాబును సిద్ధాంతం కన్నా ముందు దారిద్ర్యం ఇచ్చింది. కెమెరాలో పెట్టడానికి ఫిలిం లేదు గనుక, ఉన్న పాత ఫిలింతో ఏం చేయవచ్చో నేర్పవలసి వచ్చింది. తర్వాతి కాలంలో ఈ అవసరం సిద్ధాంతమైంది, సిద్ధాంతం పాఠ్యాంశమైంది, పాఠ్యాంశం పరీక్ష ప్రశ్నగా మిగిలింది. ఈ క్రమంలో ఏది జారిపోయిందో గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఫిలిం లేని కాలం

విప్లవానికి ముందు రష్యాలో చలనచిత్ర నిర్మాణం బాగానే సాగింది. కాని ముడి ఫిలిం ఆ దేశంలో తయారయ్యేది కాదు. విదేశాల నుంచి దిగుమతి కావలసిందే. 1917 తర్వాత అంతర్యుద్ధం, విదేశాల ఆర్థిక దిగ్బంధం కలిసి ఆ దారిని మూసివేశాయి. పాత నిర్మాతలు కొందరు తమ కెమెరాలను, ఫిలిం నిల్వలను వెంటబెట్టుకుని దక్షిణానికి, అక్కడి నుంచి విదేశాలకు తరలిపోయారు. సోవియట్ ప్రభుత్వం అమెరికాలో సామగ్రి కొనుగోలుకు జాక్ సిబ్రారియో అనే మధ్యవర్తిని నమ్మి, అతని చేతిలో భారీ మొత్తాన్ని పోగొట్టుకున్న ఉదంతం ఆ కాలపు చరిత్రకారులందరూ ప్రస్తావించేదే.

1919 ఆగస్టు 27న చలనచిత్ర పరిశ్రమను జాతీయం చేసే ఉత్తర్వుపై లెనిన్ సంతకం చేశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, సెప్టెంబరులో, దర్శకుడు వ్లదీమిర్ గార్దిన్ ఆధ్వర్యంలో మాస్కోలో ప్రభుత్వ చలనచిత్ర పాఠశాల ఆరంభమైంది. 'వ్గిక్' అన్న పొట్టిపేరుతో నేడు ప్రసిద్ధమైన సంస్థకు మూలం ఇదే. దేశంలో ఫిలిం లేదు, విద్యుత్తు సరిగా లేదు, తిండి కూడా చాలని రోజులు. అయినా చలనచిత్ర పాఠశాల తెరిచారు. ప్రభుత్వ దృష్టిలో అది ప్రచార అవసరం. విద్యార్థుల దృష్టిలో ఏమిటన్నది మనం ఊహించవలసిందే.

ఈ పాఠశాలలో బోధించడానికి వచ్చిన లెవ్ కులెషోవ్ వయసు అప్పటికి ఇరవై చుట్టూ. 1899లో తంబోవ్‌లో పుట్టి, చిత్రకళ అభ్యసించి, యెవ్గేనీ బవుఎర్ చిత్రాలకు దృశ్యాలంకరణ చేసిన యువకుడు. తన తొలి చిత్రం 'ఇంజనీర్ ప్రైట్ పథకం' (1918) నిర్మాణంలోనే అతనికి ఒక సంగతి తట్టింది. కథలో పాత్రలు విద్యుత్ స్తంభాల వైపు చూడాలి. నటులను, స్తంభాలను ఒకే చోట చిత్రీకరించే వీలు లేకపోయింది. నటుల చూపును ఒకచోట, స్తంభాలను మరోచోట తీసి అతికించారు. తెర మీద ఆ రెండూ ఒకే స్థలంగా కనిపించాయి. నేటి ఏ విద్యార్థికైనా ఇది మొదటి వారంలోనే తెలిసే విషయం. దీన్ని ఒక ఇబ్బంది నుంచి బయటపడే మార్గంగా కాక బోధనీయమైన సూత్రంగా గుర్తించడంలోనే కులెషోవ్ ప్రత్యేకత ఉంది.

3. 'ఫిలిం లేని చిత్రాలు'

పాఠశాల యాజమాన్యంతో పొసగని విద్యార్థులను కొందరిని చేరదీసి కులెషోవ్ తన కార్యశాలను నడిపాడు. అలెక్సాంద్రా ఖొఖ్లోవా, వ్సెవొలొద్ పుదోవ్కిన్, బోరిస్ బార్నెత్, వ్లదీమిర్ ఫోగెల్, సెర్గేయ్ కొమరోవ్, లియొనీద్ ఒబొలెన్‌స్కీ అక్కడ తయారైనవారు. సెర్గేయ్ ఐజెన్‌స్టెయిన్ కూడా కొద్ది నెలలు ఆ తరగతులకు హాజరయ్యాడు. రసాయనశాస్త్రం చదివి, యుద్ధఖైదీగా సంవత్సరాలు గడిపి వచ్చిన పుదోవ్కిన్ అప్పటికే తన గురువు కన్నా పెద్దవాడు.

కెమెరాలో వేయడానికి ఫిలిం లేనప్పుడు కెమెరా పాఠం ఎలా చెప్పాలి? కార్యశాల కనిపెట్టిన మార్గానికి 'ఫిలిం లేని చిత్రాలు' అన్న పేరు నిలిచింది. చిన్న కథను తీసుకుని దానిని దృశ్యఖండాలుగా ముందే విభజించేవారు. ఒక్కొక్క ఖండాన్ని కెమెరా చూసేటంత మేరకే వేదిక మీద ప్రదర్శించేవారు. ఒక ఖండం నుంచి మరో ఖండానికి మార్పు అతి వేగంగా జరగాలి. సమీప దృశ్యమైతే ముఖమో చేయో మాత్రమే ప్రేక్షకుడి దృష్టికి రావాలి. అంటే నాటకాన్ని సినిమాలా ఆడటం. వినడానికి విచిత్రంగా ఉన్నా, ఇందులో ఒక కఠినమైన శిక్షణ ఉంది. విద్యార్థి కెమెరా మీట నొక్కకముందే, ఏది చట్రంలో ఉంటుంది, ఏది ఉండదు, ఈ ముక్క తర్వాత ఏ ముక్క వస్తుంది అన్నవి నిర్ణయించుకోవాలి. తీసిన తర్వాత చూసుకుందామన్న సౌకర్యం లేదు, ఎందుకంటే తీయడమే లేదు.

నటుల శిక్షణ కూడా ఇదే తర్కాన్ని అనుసరించింది. కులెషోవ్ వారిని నటులు అనడానికి ఇష్టపడక, చిత్రకారుడి ముందు నిలిచే 'మోడల్' అన్న అర్థమిచ్చే రష్యన్ పదంతో పిలిచాడు. తెరను అడ్డగీతలు, నిలువుగీతలుగా విభజించినట్లు ఊహించుకుని, శరీర కదలికలు ఆ గీతల వెంట, లేదా నిర్దిష్టమైన ఏటవాలు కోణాలలో సాగేలా అభ్యాసం చేయించాడు. ఫ్రెంచి ఆచార్యుడు దెల్‌సార్త్ అంగచలన సిద్ధాంతమూ, దాల్‌క్రోజ్ లయాభ్యాసమూ ఇందులో కలిశాయి. ఈ జ్యామితికి సౌందర్యదృష్టి మాత్రమే కారణమని చెప్పడం నాకు సంతృప్తికరంగా తోచదు. దృశ్యఖండం ఎంత చిన్నదైతే, దానిలోని చేష్ట అంత స్పష్టంగా ఉండాలి. అస్పష్టమైన చేష్టను అర్థం చేసుకోవడానికి ప్రేక్షకుడికి ఎక్కువ సమయం కావాలి. ఎక్కువ సమయమంటే ఎక్కువ ఫిలిం. కాబట్టి శరీరాన్ని పొదుపుగా వాడటం, ఫిలింను పొదుపుగా వాడటం ఇక్కడ ఒకే పాఠానికి రెండు ముఖాలు.

4. తొంభై మీటర్లు

ముడి ఫిలిం లేకపోయినా పాత చిత్రాల ప్రతులు ఉన్నాయి. జారుల కాలపు ప్రేమకథలు, అమెరికా నుంచి వచ్చిన సాహసచిత్రాలు, గ్రిఫిత్ 'ఇన్‌టాలరెన్స్' (1916) వంటి మహాచిత్రం. విదేశీ చిత్రాలను సోవియట్ ప్రేక్షకులకు అనువుగా తిరగ కూర్చడం అప్పట్లో ఒక ఉద్యోగమే. కులెషోవ్ ఆ పనిలో గడిపిన కాలం ఉంది. తర్వాత ఎస్ఫిర్ షూబ్ ఆ పనిలో పేరు తెచ్చుకుంది. 1924లో జర్మన్ చిత్రం 'డాక్టర్ మాబూజె'ను ఆమె తిరగ కూర్చినప్పుడు ఐజెన్‌స్టెయిన్ పక్కన కూర్చుని పని నేర్చుకున్నాడు. సోవియట్ కూర్పు సిద్ధాంతకారులు తమ తొలి పాఠాలను పరాయి ఫిలిం మీదే నేర్చుకున్నారన్నది గమనించదగిన విషయం. పాత తాళపత్ర ప్రతులలో ఆకులు తారుమారైనప్పుడు కథ ఎలా మారుతుందో పరిష్కర్తకు తెలుస్తుంది. వీరి అనుభవం అటువంటిది. అయితే వీరు ఆకులను ఉద్దేశపూర్వకంగా తారుమారు చేశారు.

1921 ప్రాంతంలో కార్యశాల ప్రయోగాలకు సుమారు 90 మీటర్ల ముడి ఫిలిం దక్కింది. ఈ సంఖ్యను కొంచెం విడమరిచి చూడాలి. 90 మీటర్లు అంటే దాదాపు 295 అడుగులు. 35 మిల్లీమీటర్ల ఫిలింలో అడుగుకు 16 చట్రాలు. మూకీ కాలంలో సెకనుకు సుమారు 16 చట్రాల వేగంతో చూసినా మొత్తం ఐదు నిమిషాలకు లోపే. తర్వాతి కాలంలో కెమెరాలో సాధారణంగా వేసే 400 అడుగుల చుట్ట కన్నా ఇది తక్కువ. కొన్ని ప్రయోగాల కోసం, ఒక బృందానికంతటికీ, ఇంతే.

ఆ కొలతలో వారు చేసినవి ఇవి. ఒక నృత్యాన్ని కెమెరా కదల్చకుండా ఒకే స్థానం నుంచి తీయడం, అదే నృత్యాన్ని ముక్కలుగా తీసి కూర్చడం. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఒక స్త్రీ పెదవులు, మరొకరి చేతులు, ఇంకొకరి పాదాలు వేరువేరుగా తీసి, తెర మీద లేని స్త్రీని సృష్టించడం. ఇక అన్నిటికన్నా ప్రసిద్ధమైనది 'సృజిత భూగోళం' అనదగిన అభ్యాసం. ఖొఖ్లోవా, ఒబొలెన్‌స్కీ మాస్కో వీధుల్లో వేరువేరు చోట్ల నడుస్తూ వచ్చి గొగోల్ విగ్రహం దగ్గర కలుసుకుంటారు. ఒకరు చేయెత్తి ఎటో చూపిస్తారు. వెంటనే అమెరికా చిత్రంలోంచి తీసుకున్న వాషింగ్టన్ శ్వేతసౌధం కనిపిస్తుంది. ఇద్దరూ మెట్లెక్కుతారు. ఆ మెట్లు మాస్కోలోని క్రీస్తు రక్షకుని కెథెడ్రల్ మెట్లు. మూడు తావులు ఒకే ఊరైపోయాయి. ఈ ప్రయోగాలు సంపూర్ణంగా నశించాయని చిరకాలం భావించారు. 1990లలో ఈ 'భూగోళం' తాలూకు కొంత భాగం బయటపడింది.

ఈ మూడింటిలోనూ ఒక లక్షణం సమానం. ప్రతి అభ్యాసం కెమెరా గురించి ఒక ప్రశ్న, కూర్పు గురించి ఒక ప్రశ్న కలిపి అడుగుతుంది. చేయెత్తి చూపించిన దిశకూ, తర్వాతి ముక్కలో భవనం కనిపించే కోణానికీ పొంతన ఉండాలి. లేకపోతే అతుకు విడిపోతుంది. పెదవుల మీద పడిన వెలుగుకూ, చేతుల మీది వెలుగుకూ పొంతన ఉండాలి. లేకపోతే స్త్రీ ఒక్కతె కాదు. నేడు మనం పాఠ్యప్రణాళికలో 'ఛాయాగ్రహణం – 1', 'కూర్పు – 1' అని విడదీసి వేరువేరు ఆచార్యులకు అప్పగించే విషయాలు అక్కడ ఒకే పాఠంలో ఉన్నాయి.

5. మొజ్జూఖిన్ ముఖం: ప్రయోగమా, అభ్యాసమా?

ఇక అసలు విషయానికి వస్తాం. చలనచిత్రం గురించి ఏ భాషలో పాఠ్యపుస్తకం తెరిచినా ఈ కథ కనిపిస్తుంది. ఇవాన్ మొజ్జూఖిన్ అనే ప్రసిద్ధ నటుడి భావరహితమైన ముఖాన్ని కులెషోవ్ మూడు వేరువేరు దృశ్యాలతో జత చేశాడు. ముఖం మారలేదు. ప్రేక్షకులు మాత్రం ఒకచోట ఆకలిని, ఒకచోట శోకాన్ని, ఒకచోట ఆనందాన్ని చూసి నటనను మెచ్చుకున్నారు. కాబట్టి అర్థం దృశ్యఖండంలో లేదు, వాటి కలయికలో ఉంది. పరీక్షలో ఇది ఐదు మార్కుల ప్రశ్న.

ఆధారాలను పరిశీలిస్తే కథ ఇంత సాఫీగా లేదు. ఆ ఫిలిం నేడు లేదు. ఎన్నడు చేశారన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. ఎంతమంది ప్రేక్షకులకు చూపారో, వారిని ఏమడిగారో, ఏం జవాబిచ్చారో చెప్పే సమకాలీన నమోదు దొరకదు. అందరూ ఉదాహరించే సూపు పళ్లెం, శవపేటికలోని స్త్రీ, బొమ్మ ఎలుగుబంటితో ఆడుకుంటున్న పాప అన్న మూడు దృశ్యాలు పుదోవ్కిన్ కథనంలోవి. కులెషోవ్ వేరువేరు సందర్భాలలో చెప్పిన వివరాలు వీటితో పూర్తిగా కలవవు. సూపు ఉంటుంది గాని, మిగిలిన దృశ్యాలు మారుతాయి. గురుశిష్యులిద్దరూ ఒకే అనుభవాన్ని ఇలా వేరుగా జ్ఞాపకం చేసుకోవడం చరిత్రకారుడికి అడ్డంకి కాదు, సూచన. అది ఒకేసారి, ఒకే రూపంలో జరిగిన సంఘటన కాక, పలుమార్లు పలు రూపాలలో సాగిన కసరత్తు అయి ఉండవచ్చుననడానికి సూచన.

తర్వాతి పరిశోధకులు దానిని నిజమైన ప్రయోగంగా పునరావృతం చేయడానికి పూనుకున్నారు. 1992లో స్టీఫెన్ ప్రిన్స్, వేన్ హెన్స్‌లీ చేసిన ప్రయత్నంలో పాఠ్యపుస్తకాలు చెప్పే ఫలితం రాలేదు. 2006లో డీన్ మాబ్స్ బృందం మెదడు చిత్రణ పద్ధతులతో జరిపిన అధ్యయనంలో సందర్భం ముఖభావ గ్రహణాన్ని ప్రభావితం చేస్తుందని తేలింది. అంటే విషయం పూర్తిగా అబద్ధమూ కాదు, కథలో చెప్పినంత నిరపవాదమూ కాదు. దృశ్యాల ఎంపిక, ముఖం తీరు, ఖండాల నిడివి, చూపు దిశ, ఇన్నిటి మీద ఫలితం ఆధారపడుతుంది. సరిగ్గా ఈ అంశాలే విద్యార్థి చేత్తో చేసి నేర్చుకోవలసినవి.

మరో ముఖ్యమైన ఆధారం ఉంది. మొజ్జూఖిన్ కథ నుంచి సాధారణంగా తీసే నిర్ణయం, సినిమాలో నటన అనవసరమని. అదే నిజమైతే, అదే మనిషి అదే సంవత్సరాలలో తన శిష్యుల చేత గీతల వలలో గంటల తరబడి శరీరాభ్యాసం ఎందుకు చేయించాడు? కులెషోవ్ ఎన్నడూ నటనను కాదనలేదు. దృశ్యఖండంలో ఉన్నది తక్కువైతే కూర్పు ఎంత భర్తీ చేయగలదో, ఎక్కడ భర్తీ చేయలేదో కొలిచి చూపాడు. మొజ్జూఖిన్ ఖండం పాత చిత్రంలోంచి వచ్చిన ముక్క. ఆ నటుడు 1920లో దేశం విడిచి ఫ్రాన్సు వెళ్లిపోయాడు. లేని నటుడు, మిగిలిపోయిన ఫిలిం, వాటితో చేయగలిగిన పని. దీనికి 'ప్రయోగం' అన్న మాట శాస్త్రగౌరవాన్ని తెచ్చిపెట్టింది. 1920లలో శాస్త్రపదజాలానికి ఉన్న ప్రతిష్ఠ దృష్ట్యా కులెషోవ్ కూడా ఆ మాటను కాదనుకోలేదు. దాని వ్యవహారమంతా మాత్రం అభ్యాసానిదే.

మన కావ్యశాస్త్రం చదివినవారికి ఇక్కడ ఒక పోలిక స్ఫురించకమానదు. భరతుడు రసనిష్పత్తికి విభావ, అనుభావ, వ్యభిచారిభావాల సంయోగాన్ని చెప్పాడు. మొజ్జూఖిన్ జంటలో సూపు పళ్లెం విభావం. ముఖం అనుభావం కావలసింది. కాని అది శూన్యంగా ఉంది. ప్రేక్షకుడు విభావాన్ని చూసి అనుభావాన్ని తానే ఆరోపిస్తున్నాడు. ఈ పోలికను కొందరు విమర్శకులు 'మనవారు ఎప్పుడో చెప్పారు' అన్న ధోరణిలోకి లాగుతారు. అది నిలవదు. భరతుడి ముందు ఉన్నది రంగస్థలం మీద నిండైన ఆంగికం, సాత్త్వికం గల నటుడు. విభావానుభావాలు అక్కడ ఒకే కాలంలో, ఒకే స్థలంలో ఉంటాయి. చలనచిత్రంలో అవి వరుసగా వస్తాయి. మొదటిది కనుమరుగైన తర్వాతే రెండవది వస్తుంది. జ్ఞాపకం వాటిని కలుపుతుంది. ఈ వరుసక్రమమే కూర్పులోని కొత్తదనం. అయినా తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ విషయాన్ని బోధించేటప్పుడు విభావమన్న పరిభాష ఎంతో సహాయపడుతుంది. ముఖాన్ని ముందు చూపి పళ్లెాన్ని తర్వాత చూపితే ఏమవుతుందన్న ప్రశ్నను అది వెంటనే లేవనెత్తుతుంది.

6. మాస్కో నుంచి పుణెకు

కార్యశాల బోధన భారతదేశానికి నేరుగా రాలేదు. పుస్తకాల ద్వారా వచ్చింది. పుదోవ్కిన్ 1926లో రాసిన చిన్న పుస్తకాలు ఐవర్ మాంటెగు ఆంగ్లానువాదంలో 1929లో వెలువడ్డాయి. భారతీయ ఫిలిం సొసైటీల తరం వాటిని శ్రద్ధగా చదివింది. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా ప్రభృతులు స్థాపించిన కలకత్తా ఫిలిం సొసైటీలో పుదోవ్కిన్, ఐజెన్‌స్టెయిన్ రచనలు చర్చనీయాంశాలు. 1951లో పుదోవ్కిన్, నటుడు చెర్కాసోవ్ భారతదేశంలో పర్యటించారు. ఇక్కడ ఒక విషయం గుర్తించాలి. గురువు కులెషోవ్ కన్నా శిష్యుడి పేరే మనకు ముందు తెలిసింది. అందువల్ల మొజ్జూఖిన్ కథ కూడా శిష్యుడు చెప్పిన రూపంలోనే మనకు స్థిరపడింది.

1949లో ఎస్.కె. పాటిల్ అధ్యక్షతన ఏర్పడిన ఫిలిం విచారణ సంఘం 1951లో ఇచ్చిన నివేదికలో శిక్షణ సంస్థ ఆవశ్యకతను ప్రస్తావించింది. ఆ సిఫారసు కార్యరూపం దాల్చడానికి దాదాపు దశాబ్దం పట్టింది. 1960లో, మూతపడిన ప్రభాత్ స్టూడియో ఆవరణలో, భారత ఫిలిం సంస్థ పుణెలో వెలసింది. టెలివిజన్ శిక్షణ కూడా చేరిన తర్వాత ఇప్పటి పేరు వచ్చింది. 1964లో జాతీయ ఫిలిం భాండాగారం అదే నగరంలో ఏర్పడటం సామాన్య విషయం కాదు. పి.కె. నాయర్ సేకరించిన ప్రతులు విద్యార్థులకు అందుబాటులోకి వచ్చాయి. పరాయి ఫిలింను ముక్కముక్కగా పరిశీలించి నేర్చుకునే మాస్కో పద్ధతికి కావలసిన భౌతిక వనరు ఇదే. ఆచార్య సతీశ్ బహదూర్ 'పథేర్ పాంచాలీ'ని ఖండం తర్వాత ఖండంగా విశ్లేషించి చెప్పిన పాఠాలను ఈ దృష్టితో చూడాలి.

1960ల మధ్యలో ఋత్విక్ ఘటక్ కొద్దికాలం అక్కడ ఉప ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. మణి కౌల్, కుమార్ శహాని, జాన్ అబ్రహాం వంటివారు ఆ కాలపు విద్యార్థులు. 1965లో ఆయన విద్యార్థులతో కలిసి 'ఫియర్' అనే లఘుచిత్రం తీశారు. ఐజెన్‌స్టెయిన్, పుదోవ్కిన్ ల ఋణాన్ని ఘటక్ బహిరంగంగా చెప్పుకున్నారు. ఆయన శిష్యులలో కొందరు, ముఖ్యంగా మణి కౌల్, క్రమంగా కూర్పు ప్రాధాన్యాన్నే ప్రశ్నించే చిత్రాలు తీయడం గమనార్హం. పాఠాన్ని క్షుణ్ణంగా నేర్చినవారే దానిని వదలగలరు.

పుణె పాఠ్యక్రమంలో ప్రసిద్ధమైన 'కంటిన్యుటీ' అభ్యాసాన్ని చూస్తే కార్యశాల ఛాయ స్పష్టంగా కనిపిస్తుంది. మాటలు లేని చిన్న చర్య. ఒక వ్యక్తి గదిలోకి వస్తాడు, ఏదో వెదుకుతాడు, దొరుకుతుంది, వెళ్లిపోతాడు అనుకుందాం. దానిని ఖండాలుగా విభజించి తీసి కూర్చాలి. తలుపు తీసే చేయి దూరదృశ్యంలో గొళ్లెం మీద ఎక్కడ ఉందో సమీపదృశ్యంలోనూ అక్కడే ఉండాలి. కదలిక మధ్యలో ముక్క మారితే కన్ను అతుకును పట్టుకోదు. కదలిక ఆగిన తర్వాత మారితే పట్టుకుంటుంది. కెమెరా ఊహారేఖను దాటితే కుడివైపు పోతున్న మనిషి ఎడమవైపు పోతున్నట్లవుతుంది. ఇవన్నీ చదివితే రెండు పుటలు. ఫిలిం మీద చేస్తే ఒక సంవత్సరం. 400 అడుగుల చుట్ట సెకనుకు 24 చట్రాల వేగంతో 4 నిమిషాల 26 సెకన్లలో అయిపోతుంది. వచ్చే చుట్ట ఎప్పుడో తెలియదు. కాబట్టి మీట నొక్కకముందే కాగితం మీద ఖండవిభజన, నేల మీద సున్నపు గీతలు, నటుడితో పదేపదే అభ్యాసం. ఫిలిం లేని చిత్రం ఇక్కడ ఫిలిం ఉన్న చిత్రానికి పూర్వాంగమైంది.

7. మద్రాసు కూర్పు గదులు

పాఠశాల లేని చోట ఈ విద్య ఎలా నడిచిందన్నది వేరే వ్యాసం కోరే విషయం. అయినా తెలుగు పాఠకుడికి దగ్గరిది గనుక కొంత చెప్పాలి. మద్రాసు అడయారులో 1940ల మధ్యలోనే పాలిటెక్నిక్ లో ఛాయాగ్రహణం, శబ్దగ్రహణం బోధించే విభాగం ఉన్నప్పటికీ, తెలుగు సినిమా సాంకేతికుల్లో ఎక్కువమంది పనిలో చేరి నేర్చినవారే. 'మాయాబజార్' (1957) ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ పత్రికా ఛాయాచిత్రాల నుంచి, వార్తాచిత్రాల నుంచి వచ్చినవారు. నేటి అగ్రశ్రేణి ఎడిటర్ ఎ. శ్రీకర్ ప్రసాద్ చదివినది ఆంగ్లసాహిత్యం. కూర్పు నేర్చినది తండ్రి అక్కినేని సంజీవి దగ్గర.

కూర్పు గదిలో శిష్యుడి పని మూవియోలా ముందు కూర్చోవడంతో మొదలయ్యేది కాదు. రష్ ప్రింటు ముక్కలను అంచు సంఖ్యల ప్రకారం సర్దడం, కత్తిరించిన ముక్కలను సంచి అమర్చిన తొట్టెపై కొక్కేలకు వేలాడదీయడం, గురువు అడిగిన ఆరు చట్రాల ముక్కను వందల ముక్కలలోంచి తీసి ఇవ్వడం. నెలల తరబడి ఇదే. అవమానకరమైన చాకిరీ అని దీనిని తీసిపారేయవచ్చు, అందులో కొంత నిజమూ ఉంది. కాని ఈ పనిలో శిష్యుడికి చిత్రమంతా ముక్కలుగా కంఠస్థమయ్యేది. సిమెంటు అతుకు వేసిన చోట మళ్లీ విప్పి వేయాలంటే చట్రం నష్టమయ్యేది. కనుక కత్తెర వేసేముందు ఆలోచించడం అలవాటయ్యేది.

కొరత ఇక్కడా ఉంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, కథాచిత్రం నిడివి 11,000 అడుగులు మించరాదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. అంటే సుమారు రెండు గంటల రెండు నిమిషాలు. పాటలు, పద్యాలు నిండిన అప్పటి దక్షిణాది చిత్రాలకు ఇది ఇరుకైన కొలత. మాస్కోలో కొరత తరగతిని సృష్టిస్తే, మద్రాసులో పరిశ్రమను మాత్రమే బిగించింది. అనుభవాన్ని సూత్రీకరించి రాసిపెట్టిన గురువు ఇక్కడ లేకపోవడమే ఈ తేడాకు ముఖ్యకారణమని నా అభిప్రాయం. నైపుణ్యంలో మనవారు ఎవరికీ తీసిపోలేదు. కాని ఆ నైపుణ్యం గురించి తెలుగులో వారు స్వయంగా రాసినది చాలా స్వల్పం. తెలుగులో చలనచిత్ర వ్యాకరణం బోధించే అధ్యాపకుడు నేటికీ రష్యన్, అమెరికన్ ఉదాహరణల మీదే ఆధారపడవలసి రావడానికి ఇదే మూలం.

8. కొరత తొలగిన తర్వాత

1989లో అవిడ్ సంస్థ కంప్యూటర్ కూర్పు యంత్రాన్ని విపణిలోకి తెచ్చింది. తర్వాత రెండు దశాబ్దాలలో ముడి ఫిలిం, దానితోపాటు కొరతా దాదాపు కనుమరుగయ్యాయి. ఇప్పుడు విద్యార్థి చేతిలోని ఫోనే కెమెరా, కూర్పు గది కూడా. దీనిని తక్కువ చేసి చూడటం తగదు. ఫిలిం చుట్ట ఖరీదు భరించలేక ఈ విద్యకు దూరమైన కుటుంబాల పిల్లలు ఇప్పుడు అందులోకి వస్తున్నారు. పాత పద్ధతిని తలచుకుని నిట్టూర్చేవారు ఈ సంగతి మరిచిపోతారు.

కాని బోధనాక్రమం తిరగబడింది. ఫిలిం కాలంలో నిర్ణయం ముందు, చిత్రీకరణ తర్వాత. ఇప్పుడు చిత్రీకరణ ముందు, నిర్ణయం తర్వాత. ఒక నిమిషం అభ్యాసానికి రెండు గంటల దృశ్యాలు తీసుకుని వచ్చి, కూర్పు బల్ల దగ్గర ఏది ఉంచాలో తెలియక విద్యార్థి తికమకపడటం ఈ విషయం బోధించే వారందరికీ పరిచితమే. పాఠ్యప్రణాళికలు కూడా ఈ తిరగబాటును బలపరుస్తున్నాయి. మొదటి సెమిస్టరులో సాఫ్ట్‌వేర్ పనిముట్ల పరిచయం ఉంటుంది, మొజ్జూఖిన్ కథ సిద్ధాంతపత్రంలో విడిగా ఉంటుంది. విద్యార్థి దానిని చదువుతాడు, చేయడు.

కార్యశాల చరిత్రను అభ్యాస చరిత్రగా చదివితే ఈ రెండు పత్రాలను కలపడం కష్టం కాదు. విద్యార్థి తన సొంత కెమెరా ముట్టకముందు, స్వేచ్ఛగా వాడుకోదగిన పాత మూకీ చిత్రంలోంచి ఒక ముఖాన్ని ఎంచుకోవాలి. ఆ ముఖానికి తన ఊరిలోని మూడు దృశ్యాలను, ఒక్కొక్కటి నాలుగు సెకన్లకు మించకుండా, ఒక్కొక్కటి ఒక్కసారే తీసి జత చేయాలి. తీయబోయే ముందు ఆ ముఖం చూపు ఏ దిశలో ఉందో, వెలుగు ఎటునుంచి పడుతోందో కాగితం మీద రాసి చూపాలి. తర్వాత తోటి విద్యార్థులకు చూపించి, వారు ముఖంలో ఏం చూశారో విడివిడిగా రాయించుకోవాలి. జవాబులు పాఠ్యపుస్తకంతో కలవకపోవచ్చు. కలవని ఆ జవాబులను ముందు పెట్టుకుని, ముఖం ఎంపికలోనా, దృశ్యం నిడివిలోనా, చూపు దిశలోనా తేడా ఎక్కడ వచ్చిందో తరగతిలో చర్చించవలసి ఉంటుంది.